కలెక్టరుగారికి ఒక నమస్కారం

హలో… ఆఁ, ఎవరూ… నేనే బావగారూ, చౌడేశ్వరినే.

ఇంకెవరుంటారండీ ఈ కొట్లో? మీ తోడల్లుడు పోయింతర్వాత ఈ ఫోను మోగితే ఎత్తేది నేనేగా…

ఏవిటో, పొద్దుటే మరదలు గుర్తొచ్చింది. అక్కయ్య పక్కన లేదా ఏవిటీ?

అబ్బో. సరసానికి ఇది వేళ కాదా. సరే, గంభీరంగానే చెప్పండి, వింటున్నా.

…

ఉంది.

ఉందండీ, ఇక్కడే ఉంది. సీతమ్మ. మీ ఆశ్రమం పిల్ల. నా ఎదురుగా తువ్వాళ్ళ బేలెక్కి కూర్చుని మరమరాలు తింటోంది… ఆఁ, తింటోంది. తినడానికి కూడా మీ కమిటీ తీర్మానం చెయ్యాలా?

ఎత్తుకొచ్చారా! ఎవరన్నారామాట… ఓహో, మీ సూపరింటెండెంటు వెంకటకృష్ణారావుగారా. ఆయనే అనుంటారు లెండి. ఎత్తుకురాలేదు బావగారూ, చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. మీ వంటమనిషి సంపూర్ణమ్మ. గవర్నరుపేట నడివీధిలో, పాలవాళ్ళూ పేపరువాళ్ళూ చూస్తుండగా. దొంగసొత్తు మోసుకొచ్చేవాళ్ళు ఎవరైనా అలా వస్తారా?

… లేదు, సంపూర్ణమ్మ లేదిక్కడ. పిల్లని నాకప్పగించి మళ్ళీ ఆశ్రమానికే పోయింది. మిగతా పిల్లలకి అన్నం వండాలిగా.

నా దగ్గరికే ఎందుకు తెచ్చిందంటే — ఏం చెప్పమంటారు. కమిటీలో పంచెలు కట్టుకున్న వాళ్ళందరికీ చెప్పి చూసింది. ఇక చీర కట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

పంపించెయ్యాలా… ఇప్పుడేనా… అంత తొందరేం వచ్చిందండీ?

ఆ, రేపు వార్షికోత్సవం. తెలియకపోవడమేం, బెజవాడంతా గోడలకి అంటించారుగా కాగితాలు. 'మూగ చెవిటి పిల్లల ఆశ్రమం' అని చిన్నక్షరాల్లో, 'అధ్యక్షులు శ్రీ భావనారాయణగారు' అని పెద్దక్షరాల్లో. మా గుమాస్తా పాండురంగయ్య అది దూరం నించి చూసి, మీకు మళ్ళీ పెళ్ళేమో అనుకున్నాడు…

కోప్పడకండి. నవ్వు రాదేం మీకు?

కలెక్టరుగారొస్తారా, బందరు నించి కార్లో… వాళ్ళావిడ కూడానా. రానివ్వండి, మంచిదే. పోయినేడు ఎవర్నో జడ్జీగారిని తెచ్చారుగా. మన ప్లీడరు వెంకటసుబ్బారావుగారు లేచి ఎంతసేపు ఉపన్యాసమిచ్చారండీ ఆ చెవిటి పిల్లలకి! ఒక్క పిల్ల విసుక్కోలేదు, పుణ్యాత్ములు. విసుక్కున్నదల్లా మేమే.

ఊఁ… ఊఁ… సీతమ్మ లేకపోతే సభ ఆగిపోతుందా? ఎందుకాగాలండీ, మీ ఆశ్రమంలో పిల్లలకి కరువా?… ఆహా. ప్రార్థన అవగానే ఇది వేదికెక్కాలి. కలెక్టరుగారి మెళ్ళో దండ వెయ్యాలి. వేసి, 'నమస్కారమండీ' అనాలి.

నోటితో.

బావగారూ, అది పుట్టు చెవిటిది. ఉయ్యూరు నించి వాళ్ళ నాన్న, ఆ చెరుకు నరికే మనిషి, దాన్ని చంకన వేసుకొచ్చి మీ గుమ్మంలో దించినప్పుడు మీరూ ఉన్నారు, నేనూ ఉన్నాను. 'దీనికి మాట రాదు బాబూ, మీరే కనిపెట్టి చూసుకోవాల' అని మీ కాళ్ళమీద పడ్డాడు. మర్చిపోయారా?

…

గుర్తుంది. సంతోషం. ఆ తర్వాత ఆ మనిషి బిడ్డని చూసుకుందామని వస్తే గేటు దగ్గర నించే తిప్పి పంపించారు, అది తెలుసా? తల్లిదండ్రుల్ని చూస్తే పిల్లలు బెంగ పెట్టుకుంటారట, శిక్షణ పాడవుతుందట. తెచ్చిన బెల్లం అచ్చులు మటుకు పుచ్చుకున్నారు.

…

ఎంక్వయిరీ అయిపోయిందంటారా. ఆఁ, విన్నా. నేను పెళ్ళివారికి చీరలు చూపించడానికి ఉయ్యూరు వెళ్ళిన రోజే మీకు ముహూర్తం కుదిరింది. ఎలా చేశారో చెప్పండి, నేనూ మెంబర్నేగా. నేర్చుకుంటా… వెటకారం కాదండీ… సరే, కొంచెం వెటకారమే. చెప్పండి.

సంపూర్ణమ్మ వచ్చి, పిల్ల మణికట్లు కమిలిపోయినయ్యి బాబోయ్ అని ఏడ్చింది. ఊఁ. మీరు ముగ్గురు కూర్చున్నారు. మీరూ, ప్లీడరుగారూ… మూడో ఆయనెవరు… ఓ, ఆయనా. ఆయన నిద్రపోయుంటారు. సరే, కాఫీలయ్యాయి. పిల్లని పిలిపించారు. ఊఁ.

పిల్ల చేతులు తిప్పింది. వేళ్ళు ఆడించింది. మణికట్లు చూపించి గోల పెట్టింది. ఊఁ… మీకేమో ఒక్క ముక్క అర్థం కాలేదు.

మరి ఎవరు చెప్పారు దాని అర్థం?

…

ఎవరండీ?

…

ఇంకోసారి అనండి, లైన్లో ఏదో గరగరమంటోంది.

వెంకటకృష్ణారావుగారు.

అంటే, ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో ఆ వెంకటకృష్ణారావుగారు. పిల్ల ఏమంటోందో ఆయన చెప్పారు, మీరు విన్నారు. ఏమందట?… 'నూలు చుడుతుంటే దారం ఒరుసుకుంది, సారు నాకు దేవుడు' అందా! దేవుడని కూడా అందీ! అంత ఏడుపులోనూ!

ఉండండి, కాస్త నవ్వుకోనివ్వండి…

నవ్వకేం చెయ్యమంటారు. బావగారూ, నా కొట్లో గుమాస్తా గుడ్డ తక్కువ కొలిచాడని ఎవరైనా వచ్చి మొత్తుకున్నారనుకోండి. ఆ గుమాస్తా చేతికే గజంబద్ద ఇచ్చి, 'నువ్వే మళ్ళీ కొలిచి చెప్పు నాయనా, తక్కువుందా?' అని అడుగుతానా? అడిగితే నన్నేమంటారు మీరు?… అనండి, మొహమాటం దేనికి… ఆ, అదే. ఆ మాటే నేను మీ ముగ్గుర్నీ అంటున్నా.

ప్లీడరుగారికైనా తట్టలేదా? కోర్టులో ముద్దాయినే పిలిచి, ఈ సాక్షి చెప్పేదేవిటో నువ్వు చెప్పవయ్యా అంటారా ఆయన?

…

వేరే గతి లేదా. ఆ సంజ్ఞలు ఆయనకొక్కడికే తెలుసా. మద్రాసులో ట్రైనింగైన మనిషి… జిల్లా మొత్తం వెతికినా ఇంకోడు దొరకడా… ఆయన పోతే ఆశ్రమం మూతపడుతుందా. పిల్లలు రైలు స్టేషనులో అడుక్కోవాలా. ఓహో. అంటే కట్టేసేవాడు కావాలి, లేకపోతే అడుక్కోవాలి. మూడోది లేదు.

… అనకండా మాట. ఆయన తెలివితేటలు నేను కాదన్నానా? కాని నాకొక సందేహం. పిల్లలు చేతులతో మాట్లాడకూడదని రూలు పెట్టింది ఆయనే కదా? చేతులాడిస్తే నోరు రాదట. కొత్త పద్ధతట. మీరే పోయినేడు మైకు పట్టుకుని గొప్పగా చెప్పారు. చేతులతో మాట్లాడకూడదు. ఒకవేళ మాట్లాడితే అది నాకొక్కడికే అర్థమవుతుంది అంటారు. బాగా కుదిరిందండీ ఆయనకి!

—పాండురంగయ్యా, ఆ గుడివాడ వాళ్ళకి జరీ అంచువి తీసి చూపించు, నేను ఫోన్లో ఉన్నా. — ఆఁ బావగారూ, చెప్పండి. కొట్లో బేరం వచ్చింది.

… అబద్ధాలాడతారా? ఎవరూ, చెవిటి పిల్లలా? ఆడతారు, ఎందుకాడరు, పిల్లలే కదా. మీ మనవడు మొన్న నా దగ్గర ఎన్నాడాడో చెప్పనా? అందుకని వాడి చెయ్యి వాచిపోతే నమ్మకుండా ఊరుకుంటారా మీరు?

బుద్ధి తక్కువా. ఆహా. ఎవరికో?

…

సరే, సరే. ఆయనకొక్కడికే తెలుసంటున్నారే, మరి పొద్దస్తమానం ఆ పిల్లలు ఒకళ్ళతో ఒకళ్ళు ఏం చెప్పుకుంటున్నారనుకుంటున్నారు? ఆయన చూడకుండా, నేత నేర్పే మగ్గం చాటున, దుప్పటి కింద? వాళ్ళకి తెలీదూ?… తెలుసు. కాని మనకి మాటల్లో చెప్పలేరు. నిజమే. అందరూ చెప్పలేరు.

వెంకటరావమ్మ చెప్పగలదు.

వెంకటరావమ్మండీ. పొడుగ్గా ఉంటుంది, కిటికీ పక్క మగ్గం మీద… ఆఁ, ఆ పిల్లే. మూగదేవిటండీ! చెవిటిది, అంతే. చిన్నప్పుడు మనందరిలా విన్నదే, వాగిందే. సన్నిపాతజ్వరం వచ్చి చెవులు పోయాయి. మాటెక్కడికి పోతుంది? కాస్త బొంగురు, కాస్త గట్టిగా అరిచినట్టుంటుంది. మన పెదాలు చూసి ఇట్టే పట్టేస్తుంది.

…

తెలీదా మీకు?

ఆశ్రమం తలుపులు తెరిచినప్పట్నించీ ఉన్న పిల్ల! అధ్యక్షులకి తెలీదు. కార్యదర్శికి తెలీదు. ఎందుకు తెలీదో చెప్పనా? మూగపిల్లల ఆశ్రమంలో మాట్లాడే పిల్ల కనిపిస్తే వచ్చినవాళ్ళకి జాలి తగ్గుతుందట. చందాలు పడవట. ఎవరొచ్చినా నోరు విప్పకు అని దానికి ఆర్డరు. మాట రాని పిల్లకి మాట్లాడమని దెబ్బలు, మాటొచ్చిన పిల్లకి మాట్లాడొద్దని దెబ్బలు. ఇదెక్కడి బడండీ బాబూ!

… ఎవరు చెప్పారేవిటి, అదే చెప్పింది. అదీ ఇక్కడే ఉంది. సంపూర్ణమ్మ ఇద్దర్నీ తీసుకొచ్చింది. చిన్నది చేతులతో చెబుతుంది, పెద్దది నాకు మాటల్లో పెడుతుంది. మీ ఎంక్వయిరీ కన్నా నా ఎంక్వయిరీ బాగా జరిగింది. కాఫీ కూడా అక్కర్లేకపోయింది.

ఏం తేలిందా… చెబుతా. ఇక వేళాకోళం కాదు. వింటున్నారా?

దారం ఒరుసుకోలేదు. తాడు. మగ్గానికి కట్టే జనపతాడు. దాని రెండు చేతులూ దగ్గర చేర్చి మగ్గం గుంజకి కట్టేస్తాడు. నమస్కారం అంటే విప్పుతాడు. అది అనలేదు. ఎలా అంటుంది, ఆ మాట ఎప్పుడైనా చెవినపడితేగా? అన్నం వేళకీ విప్పలేదు. సంపూర్ణమ్మ ఆయన చూడకుండా ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. దొడ్డికెళ్ళాలని చెప్పుకోవాలన్నా దేంతో చెప్పుకుంటుందండీ? చేతులు కట్టేసి ఉన్నాయిగా. పావడా తడుపుకుందని మళ్ళీ బెత్తం.

…

మన నోట్లో గుడ్డలు కుక్కితే మనకెలా ఉంటుంది? దానికి చేతులు కట్టేస్తే అలాగే ఉంటుంది. అది నోరు కట్టెయ్యడమే బావగారూ.

…

పద్ధతా. మద్రాసు పద్ధతి. అక్కడా కట్టేస్తారో లేదో నాకు తెలీదు. కట్టేస్తే వాళ్ళూ దుర్మార్గులే.

… ఆయన మంచికే చేశాడంటారు. ఊఁ. మరొక మాట అడుగుతా, నొచ్చుకోకండి. 'కలెక్టరుగారి ముందు ఒక్క పిల్లయినా నోరు విప్పి నమస్కారం అనాలయ్యా, లేకపోతే మనమిన్నాళ్ళూ చేసిందేమిటి' — ఈ మాటెవరన్నారు?

…

మీరే. పోయిన మీటింగులో. వెంకటకృష్ణారావుగారి భుజం తట్టి మరీ అన్నారు. తాడుతో కట్టమనలేదు, నిజమే. మీరెందుకంటారు, మీరు మెత్తటి మనిషి. మీకు ఒక్క నమస్కారం కావాలి. ఆయన దాన్ని ఎక్కణ్ణించి పట్టుకొస్తాడో మీరు అడగలేదు.

…

అక్కయ్యేదో అంటోంది వెనకాల. ఏవంటోంది?… ఏమీ లేదా. ఒకసారి తనకివ్వండి ఫోను… పనిలో ఉందా. పనిలో ఉంటే మీ వెనకాల ఎందుకు నిలబడిందో.

సరే. చెప్పండి, ఏం చేద్దామంటారు?

రేపు సభ అవనిచ్చి, ఎల్లుండి చూద్దాం. ఊఁ. మళ్ళీ కమిటీ. మళ్ళీ ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతారా?… లేదు. మంచిది. ఈలోపల ఈ పిల్ల ఎక్కడుండాలి?… ఆశ్రమంలో. ఆయన చేతికింద. రేపే సభ, నమస్కారం ఇంకా రాలేదు. ఈలోపల దాన్నేం చేస్తాడో మీకు తెలీదా? నా చేత చెప్పించకండి.

భద్రంగా ఉంటుందంటారు. ఎందుకుండదు! గోడ మీద గాజుపెంకులు గుచ్చారు. గేటుకి తాళం. కాపలావాడు. పిల్లల భద్రత కోసం ఇంత చేశామని పేపర్లో కూడా వేయించారు. చేశారు, నేను కాదన్లేదు. బయటివాడు లోపలికి రాకుండా అన్నీ చేశారు. లోపల్నించి ఆ పిల్లలు తప్పించుకుపోవడానికి లేకుండా కూడా అవే పనికొచ్చాయి, అంతే.

…

ఏవిటీ?

ఎవర్ని పంపించారు?… ఆయన్నే! జట్కా ఇచ్చి… అప్పుడే బయల్దేరారా. అందుకా ఇంతసేపు నన్ను మాటల్లో పెట్టారు.

ఎంత పని చేశారండీ బావగారూ.

… ఆఁ, ఆగింది, గుమ్మం ముందే ఆగింది జట్కా. వద్దు, ఫోను పెట్టకండి. చెవి దగ్గరే పెట్టుకుని ఉండండి. మీరుండాలి ఇప్పుడు.

—రండి, రండి వెంకటకృష్ణారావుగారూ. చెప్పులక్కడ. పాండురంగయ్యా, అయ్యగారికి స్టూలు వెయ్యి. మజ్జిగ పుచ్చుకుంటారా?… అదిగో, మీ ప్రెసిడెంటుగారే, ఫోన్లోనే ఉన్నారు. మిమ్మల్నే పొగుడుతున్నారు… పిల్లకేం తొందర, కూర్చోండి ముందు. చెమటలు పట్టాయి మీకు.

ఆఁ బావగారూ. కూర్చున్నారు. ఇస్త్రీ కోటూ, నుదుట గంధం. నవ్వుతున్నారు కూడా, పాపం.

సీతమ్మా?… లేదు, ఇంకా చూళ్ళేదు. అటు తిరిగి కూర్చుంది. అడుగుల చప్పుడు దానికెలా వినపడుతుంది… ఆ. తిరిగింది. చూసింది.

…

బావగారూ.

…

ఉండండొక్క క్షణం.

…

ఆఁ, ఉన్నా. ఉన్నానండీ… ఏం కాలేదు. ఎవరూ ఏం చెయ్యలేదు. ఆయన స్టూలు మీద నించి లేవనే లేదు. చెయ్యెత్తలేదు, కళ్ళెర్రజెయ్యలేదు. అదే లేచింది. మరమరాల పొట్లం మడిచి జాగ్రత్తగా బేలు మీద పెట్టింది. ఆయన ముందుకెళ్ళి నిలబడింది. రెండు చేతులూ దగ్గర చేర్చి ముందుకి చాపింది.

… నమస్కారం కాదండీ!

కట్టెయ్యమని. దానంతటదే. ఆయన్ని చూడగానే. మన పిల్లలు మనల్ని చూస్తే ఎత్తుకోమని చేతులు చాపరూ? ఇది కట్టెయ్యమని చాపింది.

…

నా కొట్లో, నా కళ్ళెదురుగా. ఆ గుడివాడావిడ చేతిలో చీర అలాగే ఉండిపోయింది. పాండురంగయ్య గోడవైపు తిరిగాడు.

ఏడవడం లేదు నేను… ఏడిస్తే ఏం? నాకు కోపమొస్తే కళ్ళనీళ్ళొస్తాయని మీకు తెలుసుగా.

—ముట్టుకోకండి. వెంకటకృష్ణారావుగారూ, ముట్టుకోవద్దన్నానా… ముద్దు చెయ్యక్కర్లేదు. ఆ చెయ్యి వెనక్కి తీసుకోండి. — రా తల్లీ. ఇలా నా పక్కకి రా. చేతులు దించు. దించమ్మా… దించడం లేదు బావగారూ. నేనే దించుతున్నా.

ఆఁ! విన్నారా ఆ అరుపు? అదీ వెంకటరావమ్మ. మీ ఆశ్రమం మూగపిల్ల. ఏమంది?… మీరే చెప్పండి, విన్నారుగా… మీ నోటితో చెప్పండి.

'కట్టకయ్యా' అంది. ఆఁ. అర్థమైందిగా మీకు. మద్రాసు ట్రైనింగు లేకుండానే.

…

ఏవిటీ, ఆయనకివ్వాలా?

… ఆయనకి ఫోను ఇవ్వను. ఇవ్వనండీ. ఇన్నాళ్ళూ ఆయన మాటే విన్నారు, చాలు.

కమిటీ నించి తీసేస్తారా. తీసెయ్యండి. ఆ కుర్చీ తీసి ఇంకో నిద్రపోయే ఆయనకి వెయ్యండి.

నూలా?… ఓహో. అంతదాకా వచ్చామా. యుద్ధం అయిపోయినా నూలు మీద కంట్రోలు ఎత్తెయ్యలేదు, దాన్ని పంచే డిపో మీ చేతిలో ఉంది, నా మగ్గాలు మీ గుప్పిట్లో ఉన్నాయి… ఆపేస్తాననలేదు, ఆలోచించుకోమన్నానంతే అంటారా. బాగుంది. ఆలోచిస్తున్నా.

భయమేనండీ. లేదని ఎందుకనాలి? నూలు రాకపోతే నా కింద నేసేవాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగదు. నా కొట్టూ నిలబడదు. అంతగా వస్తే వాళ్ళందర్నీ వెంటేసుకుని మీ ఇంటికే భోజనానికొస్తాం. అక్కయ్య ఎవర్నీ ఆకలితో పంపదుగా. కాని ఈ పిల్లని మాత్రం ఈ జట్కా ఎక్కించను. ఎక్కించలేను బావగారూ. మీరే ఇక్కడుంటే మీరూ ఎక్కించలేరు.

…

వినండి. గొంతు తగ్గించే చెబుతున్నా. దెబ్బలాట కాదు. మీరొకసారి ఇక్కడికి రండి. ఇది చెప్పేది ఈ ఫోన్లో రాదు. ఎంత గట్టిగా చెవికి ఆనించుకున్నా రాదు. ఎదురుగా కూర్చుని దాని చేతులు చూడాలి. మీరు రండి. అది చెబుతుంది, వెంకటరావమ్మ మాటల్లో పెడుతుంది, ఈయన ఆ స్టూలు మీద నోరు మూసుకుని కూర్చుంటారు. అది ఎంక్వయిరీ అంటే. అప్పుడు కూడా మీకు ఏమీ అనిపించకపోతే చెప్పండి, ఇక మాట్లాడను.

…

రేపు సభ అయ్యాక.

కాదండీ. ఇప్పుడు.

…

పరువా. ఎవరి పరువు?

…

హలో… బావగారూ… హలో…

హలో… ఎవరూ, ఎక్స్‌ఛేంజీనా? లైను తెగిందా బాబూ, ఆయనే పెట్టేశారా?… ఆయనే పెట్టేశారు. సరే… వద్దు, వద్దు, మళ్ళీ ఆయనకి కలపొద్దు.

ట్రంకు కాల్ రాసుకోండి. బందరు. కలెక్టరుగారి బంగళా… ఆఁ, బంగళాకే. నంబరు మీ దగ్గరే ఉంటుంది, చూడండి… సాయంత్రమైనా అవుతుందా? కానివ్వండి, నేనెక్కడికీ పోను.

—వెళ్తారా వెంకటకృష్ణారావుగారూ? వెళ్ళిరండి, ఒక్కరే వెళ్ళిరండి. ప్రెసిడెంటుగారింటికే పొండి, ఆశ్రమానికి కాదు. పాండురంగయ్యా, నువ్వు లే. ఈ చీరలు నేను సర్దుకుంటాలే. ఆశ్రమంలో సంపూర్ణమ్మ ఒక్కతే ఉంది. పోయి ఆ మగ్గాల గదిలో కూర్చో. ఈయన గుమ్మం తొక్కితే నాకు కబురు పంపు. ముందు ఆ తాడు తీసి పొయ్యిలో పెట్టమను.

ఆఁ బాబూ, ఉన్నా. ఎవరు మాట్లాడతారా? రాసుకోండి. చౌడేశ్వరమ్మ, బట్టల కొట్టు, గవర్నరుపేట… ఇంకో పేరు కూడా రాయండి. వెంకటరావమ్మ… నా పక్కనే ఉంది, ఆశ్రమం పిల్ల… ఆ పిల్లకి వినపడదు… అవునండీ, చెవుడే. మాట వచ్చు.

వినపడని పిల్లకి ఫోనెందుకంటారేవిటండీ! మాట్లాడేది ఆ పిల్ల. వినాల్సింది కలెక్టరుగారు.

… ఆఁ, కలవగానే గంట కొట్టండి. పెట్టేస్తున్నా.